వెన్నకు ఇనుము నీడ పడదు

నా చిన్నప్పుడు మా నాయన జిజాన్ దగ్గర ఒక పల్లె ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం చేసేవాడు. కడప పక్క మా ఊరి నుంచి అమ్మనూ నన్నూ ఆయన అక్కడికి తీసుకుపోయేనాటికి నాకు తొమ్మిదేళ్లు. సౌదీలో ఇసుక తప్ప ఇంకేమీ ఉండదని బడిలో పిల్లలు నన్ను బాగా భయపెట్టి పంపారు. తీరా వెళ్లి చూస్తే మా ఇంటి వెనక జొన్నచేలు. మా ఊరి జొన్నకంటే ఏపుగా, మనిషి ఎత్తు దాటి నిలబడి ఉన్నాయి. అమ్మ కిటికీలోంచి వాటిని చాలాసేపు చూసి, "ఇంత దూరం వచ్చింది మళ్లా జొన్నలు చూడనీకేనా" అంది.

ఆసుపత్రివాళ్లు తమ మనుషులకిచ్చిన ఇళ్లు ఒకే వరసలో మూడు ఉండేవి. మొదటిది మాది. రెండో ఇంట్లో ఐర్లాండ్ నుంచి వచ్చిన నర్సమ్మ ఒక్కతే ఉండేది. మూడోది ఖాళీ. మా వెనక గోడకు అవతల ఒక అరబ్బీ అవ్వ ఇల్లు. అవ్వకు ఒక ఆవు, పది మేకలు, నా ఈడు మనవరాలు ఉండేవి. అవ్వ కొడుకు ఊళ్లో లారీ నడిపేవాడు.

ఐర్లాండ్ ఎక్కడుందో మాకు తెలియదు. నాయనను అడిగితే, "ఇంగ్లండు పక్కనే ఉంటాది. ఆ మాట మాత్రం ఆయమ్మ ముందర అనాకు, కోపమొస్తాది" అన్నాడు. ఆసుపత్రిలో ఆమెను అందరూ సిస్టర్ అనేవారు. పెద్దవాళ్లను ఉత్తగా అలా పిలవకూడదు, అక్కా అనమంది అమ్మ. నేను ఎవరినీ నొప్పించకుండా రెండూ కలిపి 'సిస్టరక్కా' అన్నాను. ఆ పిలుపుకు అర్థం తెలిశాక ఆమె ఎంతసేపు నవ్విందో చెప్పలేను. ఆ తర్వాత మరో పేరుతో పిలిస్తే పలికేది కాదు. ఎర్రటి జుట్టు, ముఖం నిండా గోధుమరంగు చుక్కలు. తెల్లటి ఆ ముఖం మీద ఎవరో గుప్పెడు రాగులు చల్లినట్టుందని అమ్మ అనేది.

సాయంత్రం డ్యూటీ దిగాక ఆమె నన్ను వెంటబెట్టుకుని చేలగట్ల మీద నడిచేది. నా ఇంగ్లీషు బాగుపడుతుందని నాయన సంబరపడేవాడు. నాకు మాత్రం ఇంగ్లీషుకంటే ఆమె చెప్పే సంగతులే కావాలి. ఆమె పుట్టిన చోట పన్నెండు ఇళ్లు ఉండేవట. దాన్ని ఊరని కూడా అనరట, ఊరిలో ఒక చెక్క మాత్రమేనట. అయినా ఆ చెక్కకు సొంత పేరుంది. అందులో ప్రతి చేనుకూ పేరుంది. దూడ కాలు విరిగిన చేను, పెళ్లికూతురు అలిగి కూర్చున్న గట్టు, గొడుగు పోయిన దారి. ఆ గొడుగు ఎవరిదో, అది పోయి ఎన్ని తరాలయిందో ఎవరికీ తెలియదు, పేరు మాత్రం మిగిలింది. ఒక చేను నడిమధ్య ఒంటరి ముళ్లచెట్టు ఉండేదట. అది కంటికి కనబడని చిన్నమనుషుల సొత్తని, నాగలిని దాని చుట్టూ తిప్పుకుని పోవాల్సిందేగాని కొమ్మ విరవడానికి వీల్లేదని వాళ్ల తాత చెప్పేవాడట. నేను ఇంటికొచ్చి ఇవన్నీ అమ్మకు చెప్పేదాన్ని. అమ్మ చేతిలో పని ఆపి వినేది. "మనకూ దయ్యాలగుట్ట చేను ఉండాది కదా" అనేది. వినడమే తప్ప తాను మాత్రం పక్కింటికి కూడా పోయేది కాదు. భాష రాదు, ఎవరికి ఏం తప్పవుతుందోనన్న భయం. మేం వచ్చిన నాలుగు నెలల్లో అమ్మ మా గేటు దాటింది, నాయన కారులో బజారుకు పోయినప్పుడు మాత్రమే.

సిస్టరక్క నాకు నేర్పిన వాటిలో అన్నిటికంటే గట్టి నియమం ఒకటుంది. పనిచేస్తున్న మనిషిని చూసి ఊరికే దాటిపోకూడదు. 'ఈ పనికి దేవుడి దీవెన ఉండాలి' అని నోరారా అనాలి. వాళ్ల తాత అలా అనకుండా కంచె కట్టేవాణ్ని కూడా దాటేవాడు కాదట. జిజాన్ రైతులకు అదే అలవాటు. ఎవరైనా పనిలో కనబడితే 'అల్లా యఅతీక్ అల్ ఆఫియా' అంటారు, అల్లా నీకు సత్తువ ఇవ్వాలి అని. ఆ మాటకు అర్థం తెలిసిన రోజున తాను గట్టు మీదే నిలబడిపోయానని, తాత గొంతు విన్నట్టయిందని ఆమె చెప్పింది.

చిలికే ఇంటికి పోతే ఆ నియమం ఇంకా గట్టిదట. వాళ్ల దగ్గర కవ్వం ఉండదు. పొడుగాటి చెక్క పీపాలో మీగడ పోసి, నడుమ కర్రతో పైకీ కిందికీ దంచుతారు. ఆ సమయంలో గడప తొక్కిన వాళ్లెవరైనా సరే, ఒక చెయ్యి వేసి వెళ్లాలి. వేయకుండా తిరిగి పోతే ఆ ఇంటి వెన్నను వెంట తీసుకుపోయారని అంటారు. ఎవరి కన్నూ తగలకుండా పీపా కింద ఒక ఇనుప మేకు కూడా పెట్టేవారట.

మా అరబ్బీ అవ్వ చిలకడం వేరే తీరు. మేకతోలు సంచిలో పెరుగు పోసి, మూతి బిగించి, మూడు కర్రల నడుమ వేలాడదీసి, తాడు పట్టుకుని చంటిబిడ్డ ఊయలలా ముందుకూ వెనక్కూ ఊపుతుంది. మనవరాలు రోజూ పొద్దున్నే ఒక గిన్నెలో మజ్జిగ, పైన చిన్న వెన్నముద్ద తెచ్చి మా ఇంట్లో ఇచ్చేది. ఆ గిన్నెను అమ్మ ఎప్పుడూ ఖాళీగా పంపలేదు. ఒకరోజు బెల్లంపాకంతో చేసిన నిప్పట్లు, ఒకరోజు చెనిగ్గింజల ఉండలు. అవ్వా అమ్మా ఒకరి ముఖం ఒకరు సరిగ్గా చూసుకున్నది లేదు. ఆ గిన్నె ఒక్కటే వాళ్ల పలకరింపు.

ఒక పొద్దున నేను మనవరాలితో ఆడుకుంటూ అవ్వ చిలికే చోటికి పోయాను. కాసేపటి ముందే ఆమె కొడుకు అక్కడి పాత తాటాకుల కప్పు తీసేసి కొత్త రేకులు వేయించాడు. అద్దంలా మెరిసిపోతున్న ఆ రేకులను అవ్వ వచ్చిన వాళ్లందరికీ చూపించుకుంటోంది. రేకులు బిగిస్తుండగా ఆరుబయట చిలికిన సంచి మూతి అప్పుడే విప్పి, రెండు చేతులకూ సరిపోయే వెన్నముద్ద పైకి తీసింది. నేను అంత ముద్ద ఎప్పుడూ చూడలేదు. నాకు కొత్తగా వచ్చిన అరబ్బీ అంతా కూడగట్టుకుని, "ఎంత పెద్దదో! ఇంత వెన్న ఎక్కడా లేదు" అన్నాను. అవ్వ చెయ్యి ఆగిపోయింది. నా ముఖంలోకి చూస్తూ ఇంకేదో మాట కోసం ఎదురుచూసింది. నాకు ఆ మాటేదో తట్టలేదు. అవ్వ ముద్దను గిన్నెలో పెట్టి పైన గుడ్డ కప్పేసింది.

మర్నాడు మా ఇంటికి గిన్నె రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు. మూడో రోజు నేనే గోడ దగ్గరికి పోయి పిలిచాను. మనవరాలు ముఖం చిన్నది చేసుకుని వచ్చింది. నువ్వు చూసిన మర్నాటి నుంచి వెన్న రావడం లేదు, ఎంత ఊపినా నురగే వస్తోంది, మెచ్చుకున్నప్పుడు దిష్టి తగలకుండా అనాల్సిన మాషాఅల్లా నువ్వు అనలేదు కదా, అవ్వ నిన్ను రావద్దంది, అని గబగబా చెప్పి లోపలికి పోయింది.

నేను ఇంటికి వచ్చి మంచం కిందకు దూరి ఏడ్చాను. అమ్మ బయటికి లాగి సంగతంతా అడిగింది. "ఒక్క మాషాఅల్లా అంటే నీ నోట్లో ముత్యాలు రాల్తాయా" అని మొదట నన్ను తిట్టింది. తర్వాత అదే నోటితో, "అయినా పసిబిడ్డ కన్నుకు అంత బలమెక్కడిది" అని తానూ కళ్లు తుడుచుకుంది. నాయన మాత్రం తగ్గిన గొంతుతో, "వాండ్లకు మనం నిన్న వచ్చినోళ్లం. కొన్నాళ్లు ఆ పక్కకు పోవాకు" అన్నాడు. పెద్దవాళ్లకు అది చిన్న సంగతి కావచ్చు. నాకు ఆ ఊళ్లో ఉన్నది ఒకే ఒక స్నేహితురాలు. నా కళ్లు నిజంగానే చెడ్డవేమోనని రెండు రోజులు ఎవరి ముఖమూ చూడలేదు. అన్నం తినేటప్పుడు కూడా తల వంచుకునే ఉన్నాను.

సిస్టరక్కతో నడవడానికి పోయినప్పుడూ నేల చూపులే. ఆమె మోకాళ్ల మీద కూర్చుని నా గడ్డం పైకెత్తి అడిగింది. చెప్పాను. ఇవన్నీ పిచ్చి నమ్మకాలని నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. గట్టు మీద కూర్చుని తమ పన్నెండు ఇళ్లలో చివరి ఇంటామె సంగతి చెప్పింది. ఆమె ఏదో తొందరలో ఒక ఇంట్లో చిలుకుతుండగా వచ్చి, చెయ్యి వేయకుండా వెళ్లిందట. ఆ రోజు ఆ ఇంట్లో వెన్న రాలేదు. అంతే, మరెవరూ చిలికేటప్పుడు ఆమెను గడప దాటనివ్వలేదు. ఎదురుగా తిట్టినవాళ్లు లేరు, కొట్టినవాళ్లు లేరు. పిలవడం మానేశారు. సిస్టరక్క చిన్నపిల్లగా ఉండగా మొదలైన ఆ ముచ్చట ఆమె నర్సుగా చదువు ముగించుకుని వచ్చేదాకా సాగింది. "ఒక్కసారి ఎవరైనా ఆ కర్ర ఆమె చేతికిచ్చి ఉంటే సరిపోయేది" అంది. కాసేపాగి, శుక్రవారం సెలవు, ఇద్దరం అవ్వ ఇంటికి పోదాం, మీ అమ్మను కూడా రమ్మను అంది.

అమ్మ రాదనుకున్నాను. కాని శుక్రవారం పొద్దున్నే తల దువ్వుకుని, బురఖా వేసుకుని గేటు దగ్గర నిలబడింది. "నా బిడ్డను అనినారు కదా, చూస్తా పా" అంది. పోట్లాటకు పోతున్నట్టే అంది గాని, బురఖా చాటున గిన్నె నిండా నిప్పట్లు ఉన్నాయి.

మేం పోయేసరికి అవ్వ రేకుల కింద కూర్చుని సంచి ఊపుతోంది. ఒళ్లంతా చెమటలు. మమ్మల్ని చూసి చేత్తో సంచిని దగ్గరికి లాక్కుంది. సిస్టరక్క పది అడుగుల దూరంలోనే ఆగి, పనిచేసే వాళ్లకు చెప్పాల్సిన దీవెన చెప్పింది. దానికి బదులివ్వకుండా ఉండడం ఆ పక్క ఎవరివల్లా కాదు. అవ్వ బదులిచ్చింది. ఆపైన మాటలన్నీ నా మీదుగా నడవాల్సి వచ్చింది. సిస్టరక్కకు వచ్చిన అరబ్బీ అంతా నొప్పి ఎక్కడ, గట్టిగా ఊపిరి తీసుకో, భయం లేదు వరకే. దాంతో వెన్న సంగతి మాట్లాడలేం. అమ్మకు అదీ రాదు. నేను మనవరాలితో ఆడి నేర్చుకున్న అరబ్బీతో, సైగలతో ఒకరి మాట ఇంకొకరికి చేరవేశాను.

తమ ఊళ్లో చిలికే ఇంటికి వచ్చినవాళ్లు చెయ్యి వేయకుండా పోతే పాపమని, తననూ వేయనివ్వమని సిస్టరక్క అడిగింది. సూది మందులిచ్చే ఈ మనిషి ఊళ్లోనూ ఆవులుంటాయా అని అవ్వ విచిత్రంగా చూసింది. ఆరు ఆవులుండేవని, ఒకదానికి కుంటి కాలని సిస్టరక్క చెప్పింది. ఏ కాలు అని అవ్వ అడిగింది. ముందు ఎడమకాలు అని నేను చెప్పేసరికి అవ్వ పక్కకు జరిగి చోటిచ్చింది.

సిస్టరక్క సంచి మీద చెయ్యి వేసి, వెంటనే తలెత్తి రేకులకేసి చూసింది. అమ్మ కూడా వచ్చి సంచి తాకింది. "అబ్బ, ఉడికే కుండ మాదిరుందే. దీంట్లో వెన్న యాడ నిలుస్తాది" అని నాతో తెలుగులో అని, సిస్టరక్క చూసినవైపే చూసింది. ఒకరి భాష ఒకరికి రాని ఆ ఇద్దరూ ఒక్క క్షణం కళ్లు కలుపుకున్నారు. మరుక్షణం అమ్మ ఇంటికేసి పరుగుతీసింది.

అప్పుడు సిస్టరక్క అవ్వ దగ్గరగా వంగి, ఎవరికీ చెప్పని రహస్యం చెబుతున్నట్టు గొంతు తగ్గించింది. తమ పన్నెండిళ్లలో ముసలివాళ్లు ఒక మాట చెప్పేవారట. వెన్నకు ఇనుము నీడ పడదట. ఇనుము నీడలో చిలికితే అది అలిగి పాలలోనే దాక్కుంటుందట. చెట్టు నీడ అయితే పరుగున వస్తుందట. నేను తర్జుమా చేయబోయి నోరు తెరుచుకుని ఉండిపోయాను. పీపా కింద ఇనుప మేకు పెట్టేవారని నాకు చెప్పింది ఈమే కదా. అదే మాట అడగబోతుంటే సిస్టరక్క చెప్పు నా కాలి బొటనవేలి మీదకు మెల్లగా ఎక్కింది. నేను ఉన్నదున్నట్టు తర్జుమా చేశాను.

అవ్వ రేకులను చూసింది, సంచిని చూసింది, చాలాసేపు ఆలోచించింది. కొడుకు ముచ్చటపడి వేయించిన రేకులవి. వాటి వేడికి పెరుగు ఉడికిపోతోందని ఎవరైనా చెబితే ఆమె ఒప్పుకునేది కాదేమో. వెన్న అలిగిందంటే మాత్రం ఒప్పుకుంది. ఇంటి వెనక పెద్ద రేగుచెట్టు ఉంది. అందరం కలిసి మూడు కర్రలనూ సంచినీ దాని కిందకు మోశాం. ఈలోగా అమ్మ ఫ్రిజ్‌లోని చల్లనీళ్లు బిందెతో తెచ్చింది. గుడ్డ తడిపి సంచికి చుట్టింది. కొన్ని నీళ్లు లోపల కూడా పొయ్యాలని సైగ చేసింది. అవ్వ ఆమె చెయ్యి ఆపలేదు.

ఇక ఊపడం మొదలైంది. ముందు సిస్టరక్క ఊపింది. ఆమె ఊపు చూసి అవ్వ, మనవరాలు పడి పడి నవ్వారు. పైకీ కిందికీ దంచడం అలవాటైన చేతులకు ఊయల ఊపడం చేతకాలేదు. తర్వాత మనవరాలు, తర్వాత అవ్వ. అవ్వ ఊపుతూ ఏదో పాడింది. ఆ పాట సాగినంతసేపూ నేను చెట్టు మొదలు వెనకే నిలబడి, సంచిని చూడకుండా రేగుపళ్లు లెక్కబెడుతున్నాను. అమ్మ వంతు వచ్చింది. కవ్వం తిప్పిన చెయ్యి గనక పని తొందరగా పట్టుబడింది. నాలుగైదు నిమిషాలు ఊపి ఉంటుంది. ఉన్నట్టుండి సిస్టరక్క అమ్మ మణికట్టు పట్టుకుంది. అమ్మ ఆమె ముఖం చూసి తాడు వదిలేసి పక్కకు జరిగింది. సిస్టరక్క నన్ను రమ్మని చెయ్యి చాపింది.

అవ్వ ముఖంలో నవ్వు పోయింది. పాప చెయ్యి కూడా పడాలి, వచ్చినవాళ్లలో ఒక్కరిని వదిలినా లెక్క తప్పుతుంది, అంది సిస్టరక్క. నా గురించి నేనే తర్జుమా చేయాల్సి వచ్చింది. ఆ మాటలు అరబ్బీలో ఎలా అన్నానో నాకు గుర్తులేదు. అవ్వ నా కళ్లలోకి చూసింది. తర్వాత సంచి వైపు చెవి వంచి, ఏదో వింటున్నట్టు ఒక్క క్షణం ఉంది. అప్పుడు తల ఊపింది.

తాడు పట్టుకుని బిస్మిల్లా అన్నాను. ఒకసారి ఊపాను, రెండుసార్లు ఊపాను. అయిదో ఊపుకో ఆరో ఊపుకో లోపల దబ్బున ఏదో తగిలింది. మళ్లీ తగిలింది. పిల్లి దూకినట్టు మెత్తటి బరువు అటూ ఇటూ కొట్టుకుంటోంది. అవ్వ మూతి విప్పి చెయ్యి లోపల పెట్టి, తెల్లటి ముద్ద పైకి తీసింది. ఆ ముద్ద కేసి కాకుండా నా ముఖంలోకి చూసి, "మాషాఅల్లా" అంది. ఈసారి నేను కూడా అన్నాను, అక్కడున్న అందరికంటే గట్టిగా. అవ్వ వేలితో ఇంత వెన్న తీసి నా నోట్లో పెట్టింది. చల్లగా, కాస్త పుల్లగా ఉంది. అమ్మ తెచ్చిన నిప్పట్ల మీద వెన్న రాసుకుని అందరం ఆ చెట్టు కిందే తిన్నాం. మధ్యాహ్నం దాకా అమ్మ అక్కడే ఉంది. ఏ భాషలో ఏం మాట్లాడుకున్నారోగాని, నన్ను తర్జుమాకు పిలవడమే మానేశారు.

ఆ రోజు నుంచి అమ్మ గేటు తాళం లోపలివైపు వేయలేదు. గిన్నె మళ్లీ రావడం మొదలైంది, కాని ఎక్కువసార్లు అమ్మే పోయి తెచ్చుకునేది. నేను ఆ ఊళ్లో అందరికీ మంచి చెయ్యిగల పిల్లనయ్యాను. వెన్న మొరాయిస్తే ఊరి చివర ఇళ్లవాళ్లు కూడా నన్ను పిలిపించేవారు. నిజంగానే నా చేతిలో ఏదో ఉందని మూడేళ్లు గర్వంగా తిరిగాను.

అసలు సంగతి చాలా ఏళ్లకు, మేం తిరిగి కడపకు వచ్చేశాక తెలిసింది. నా పెళ్లికి నెయ్యి కాచడానికి అమ్మ కవ్వంతో చిలుకుతూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "ఇను, సప్పుడు మారింది సూడు. ఇంగ వచ్చేస్తాది" అంది. వెన్న తేలే ముందు మజ్జిగ చప్పుడు బరువెక్కుతుంది. అప్పుడు నవ్వుతూ చెప్పింది. జిజాన్‌లో ఆ రోజు వెన్న తేలింది తన చేతిలోనేనట. చప్పుడు మారడం తానూ విన్నదట, సిస్టరక్కా విన్నదట. అందుకే ఆమె మణికట్టు పట్టుకుంది, అమ్మ తాడు వదిలింది. మరి అవ్వ, అని అడిగాను. అమ్మ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "యాబై ఏండ్లు చిలికిన మనిషికి చప్పుడు తెలీదంటావా? ఆయమ్మకు అందరికంటే ముందే తెల్సు" అంది.

మూడు దేశాల ఆడవాళ్లు, ముగ్గురికీ తెలుసు. తెలియనిది నాకొక్కదానికే. తెలిసీ అవ్వ నాకేసి చూసి మాషాఅల్లా అంది.

ఇప్పుడు నేను మళ్లీ సౌదీలోనే, ఖోబర్ పట్నంలో అజీజియా పేటలో నా కొడుకు దగ్గర ఉంటున్నాను. మా బిల్డింగులో తెలుగువాళ్లు ఆరు ఇళ్లవాళ్లం. పండగపూట ఆడవాళ్లమంతా ఒకే వంటింట్లో కలిసి పెద్ద గిన్నెలో సేమియా పాయసం చేస్తాం. కింది అంతస్తులో కొత్తగా కాపురానికి వచ్చిన రాయచోటి పిల్ల కిందటేడు పాలు విరగ్గొట్టిందట. అప్పటి నుంచి ఆ పిల్లను బాదంపప్పు తొక్కలు తీయడానికే కూర్చోబెడుతున్నారు. పోయిన పండగకు గరిటె నా చేతిలో ఉంది. పాలు చిక్కబడి, గరిటె గీసిన గీత కలవకుండా నిలబడే సమయానికి, నడుం పట్టేసిందమ్మా, కాస్త నువ్వు కలుపు, అని ఆ పిల్లను పిలిచి గరిటె ఇచ్చి స్టూలు మీద కూర్చున్నాను. ఆ పూట పాయసం తిన్నవాళ్లంతా ఎవరు దించారని అడిగారు. ఆ పిల్ల సిగ్గుపడుతూ తానేనంది. అవును, ఆమేనన్నాను.

ఆ రోజు నా నడుముకు ఏ నొప్పీ లేదు.